ఆ పవర్ బ్యాంకును పెట్టెలోంచి తీసింది నేనే

చిన్నూ, పండూ,

తాతయ్య ఆశీస్సులు. మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు, జర్మనీలో ఉన్న అన్నయ్యకు మీరు సర్దిన పెట్టెలో కందిపొడి పొట్లాల కింద పొట్ట ఉబ్బిన పవర్ బ్యాంకు కనిపించింది. తీసి బాల్కనీలో స్టీలు పళ్లెంలో పెట్టాను. కోపం తెచ్చుకోకండి.

లిథియం బ్యాటరీలో రెండు పలకల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది చిరిగితే లోపలే కరెంటు పారి, కాగి, ఆ వేడికి పక్కనున్న బ్యాటరీ సెల్లూ అంటుకుంటుంది. ఉబ్బిందంటే లోపల గ్యాసు చేరినట్టే. అలా పాడైనదాన్ని విమానంలో సరుకుగా పంపకూడదు. బాగున్న పవర్ బ్యాంకైనా విడి బ్యాటరీ, అంటే ఏ పరికరంలోనూ బిగించని బ్యాటరీ కిందే లెక్క. విడి బ్యాటరీలను ప్రయాణికుల విమానంలో సరుకుగా వేయడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. సరుకు విమానంలో పంపినా ఛార్జింగ్ 30 శాతం మించకూడదు. ఛార్జింగ్ ఎంత తక్కువుంటే మంట అంత తగ్గుతుంది.

నేను కార్గో కౌంటర్‌లో ఉన్న రోజుల్లో ఒకాయన "బొమ్మలండీ" అంటూ అట్టపెట్టె ఇచ్చాడు. ఎత్తితే అడుగు గోరువెచ్చగా తగిలింది. విప్పి చూస్తే విడి బ్యాటరీలు, వాటి మీద తాళంచెవుల గుత్తి. ఒక తాళంచెవి ఓ బ్యాటరీ రెండు కొనలకూ తగిలేలా అడ్డంగా పడి ఉంది, ఆ వేడి అందుకే. కొనలకు టేపు చుట్టి, ఒక్కోదాన్ని విడిగా సర్ది, పెట్టె మీద ఉన్నదున్నట్టు రాస్తే సరిపోయేది.

2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి లేచిన యూపీఎస్ అనే కొరియర్ సంస్థ సరుకు విమానంలో మంట పుట్టింది. కాక్‌పిట్ నిండా పొగ కమ్మేసింది. వెనక్కి తిప్పినా దిగలేకపోయారు, పైలట్లిద్దరూ చనిపోయారు. అందులో లిథియం బ్యాటరీలు చాలా ఉన్నాయి. ప్రమాదకర సరుకుగా చూపాల్సినవి కనీసం మూడు బుకింగ్‌లు, కాగితాల్లో మాత్రం ఆ మాటే లేదు. తమ వెనక ఏముందో ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లయినా నాకు ఆ మాటే గుచ్చుకుంటుంది.

అన్నయ్య సంక్రాంతికి వస్తాడుగా, కొత్తది కొనిద్దాం. దాని వెనక చిన్న అక్షరాలు చదవండి. ఉదాహరణకు 20,000 ఎంఏహెచ్ అని ఉంటే, దాన్ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు, అంటే అందులో పట్టే శక్తి లెక్క. హద్దు 100 వాట్ అవర్లు, ఆ లోపే ఉంది కాబట్టి చేతిసంచీలో పెట్టుకోవచ్చు, చెక్-ఇన్ సూట్‌కేసులో మాత్రం వద్దు.

పళ్లెంలో ఉన్నదాన్ని ఛార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి. ఎండ తగలకుండా చూడండి. ఆదివారం వచ్చి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు నేనే ఇచ్చేస్తాను. కందిపొడి మాత్రం రేపే పంపేయండి.

మీ తాతయ్య