డబ్బా మీద పచ్చ రంగు ఉంటే భయం లేదా?

పురుగుమందు డబ్బా మీద ఆకుపచ్చ గుర్తుంటే అది ప్రమాదం లేనిదేనా అని ఒక పాఠకురాలు అడిగారు. బిస్కెట్ ప్యాకెట్ మీద శాకాహారపు పచ్చచుక్క చూసి చూసి అలవాటైన కళ్లకు ఆ అనుమానం సహజమే. ఈ పచ్చ వేరు.

మన దేశంలో 1971 నాటి నిబంధనల ప్రకారం, మూల మీద నిలబెట్టిన చదరంలో పై సగాన హెచ్చరిక, కింది సగాన రంగు ఉంటాయి. రంగు వెనక ఉన్నది ఎలుకల లెక్క. నోటి ద్వారా ఇచ్చినప్పుడు సగం ఎలుకలు చనిపోయే మోతాదు పేరు ఎల్‌డి50. కిలో బరువుకు అది 50 మిల్లీగ్రాముల లోపైతే ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. మెట్టు మెట్టుకీ పది రెట్లు. 60 కిలోల మనిషికి ఇదే లెక్క కడితే ఎరుపు హద్దు 3 గ్రాములు. పచ్చ 300 గ్రాముల దగ్గర మొదలవుతుంది. అంటే పచ్చ కూడా విషమే, కాస్త ఎక్కువ కావాలంతే.

నా పేచీ ఏమిటంటే, మనిషి 60 కిలోల ఎలుక కాదు. కలుపుమందు పారాక్వాట్‌ది పసుపు రంగు. పురుగుమందు మోనోక్రోటోఫాస్‌ది ఎరుపు, కానీ దానికి అట్రోపిన్ అనే విరుగుడు మందుతో వైద్యం ఉంది. పారాక్వాట్‌కు విరుగుడే లేదు, ఒకట్రెండు గుక్కలు ప్రాణం తీస్తాయి. అది పాలీఅమీన్లు అనే, ఒంట్లో మామూలుగా ఉండే పదార్థాలు వెళ్లే దారినే ఊపిరితిత్తుల కణాల్లోకి చొరబడుతుంది. అక్కడ ఒక ఎలక్ట్రాన్ అందుకుని ఆక్సిజన్‌కు అంటించి, కణాలను దెబ్బతీసే సూపరాక్సైడ్‌గా మారుస్తుంది. తాను మళ్లీ మొదటి రూపానికొచ్చి ఇంకో ఎలక్ట్రాన్ అందుకుంటుంది. ఎంతసేపు తిరిగినా ఖర్చవదు. అందుకే ఆయాసపడుతున్న రోగికి ఆక్సిజన్ పెట్టాలన్నా డాక్టర్లు వెనకాడతారు. ఇదంతా పసుపు రంగులో ఎక్కడుంది?

ఏళ్ల తరబడి మందు కొట్టేవాళ్ల ఒంట్లో ఏం జరుగుతుందో కూడా ఆ రంగు చెప్పదు. ఇక పుర్రె బొమ్మంటారా, అది చూసి "ఘాటైన మందు" అని ముచ్చటపడేవాళ్లూ ఉన్నారు. కొత్త ఇంటికి కట్టిన దిష్టిబొమ్మలా, బొమ్మ ఉంటే చాలు, దాని పని అది చేసుకుపోతుందని మనకో ధీమా.

అయినా లేబుల్ దండగ అనను. దాన్ని శ్రద్ధగా చదివే మనిషి ఒకరున్నారు, క్యాజువాల్టీలో డాక్టరు. మందు అసలు పేరు, విష లక్షణాలు, విరుగుడు ఉందో లేదో ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. రోగితో పాటు డబ్బా కూడా పట్టుకెళ్లమనేది అందుకే. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలోకి వంపితే పిల్లలు తాగే ప్రమాదం ఎలాగూ ఉంది, డాక్టరుకు కావాల్సిన ఆ పేరు కూడా పాత డబ్బాతోనే పోతుంది.