క్యూ భద్రమే, అందులో పెట్టిన డేటా సంగతేంటి? అపోహలు - వాస్తవాలు

“సార్, క్యూ థ్రెడ్-సేఫే కదా, డేటా ఎలా పాడైంది?” గుంటూరులో మా దగ్గరికి ప్రాజెక్టు పని మీద వచ్చే పిల్లలే కాదు, పదేళ్లు కోడ్ రాసినవాళ్లు కూడా ఇదే అడుగుతారు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు థ్రెడ్‌లు. ఒక థ్రెడ్ పెట్టినదాన్ని ఇంకో థ్రెడ్ వరుసగా తీసుకునే చోటు క్యూ; పెట్టడం పుట్, తీయడం గెట్. చాలా థ్రెడ్‌లు ఒకేసారి వాడినా పాడవకపోతే థ్రెడ్-సేఫ్ అంటాం. కానీ క్యూ కాపాడేది తన వరుసను మాత్రమే. రెండు థ్రెడ్‌లు ఒకేసారి పుట్ చేసినా ఏదీ పోదు, ఒకసారి పెట్టింది రెండు థ్రెడ్‌లకు వెళ్లదు. దాని పూచీ అంతవరకే. జావాలోనైనా పైథాన్‌లోనైనా క్యూలోకి వెళ్లేది ఆబ్జెక్ట్ రిఫరెన్స్, అంటే కాపీ కాదు, అది ఎక్కడుందో చెప్పే చిరునామా. పుట్ చేశాక కూడా ఆ ఆబ్జెక్ట్ మీ చేతిలో ఉంటుంది. మీరు దాన్ని మారిస్తే అవతలి థ్రెడ్‌కు కనిపించేదీ మారుతుంది.

కొన్నేళ్ల కిందట మిర్చి యార్డు దగ్గర్లోని ఒక కోల్డ్ స్టోరేజీకి తూకం బిల్లుల సాఫ్ట్‌వేర్ చేశాం. కాటా నుంచి బరువు చదివే థ్రెడ్ ఒకటి, బిల్లు ప్రింట్ చేసే థ్రెడ్ ఒకటి, మధ్యలో క్యూ. సంక్రాంతి దాకా ఒక్క కంప్లయింట్ లేదు. ఫిబ్రవరిలో టిక్కీలు (మిర్చి బస్తాలు) పోటెత్తాయి. ఒక రైతు మూడు బిల్లులు పట్టుకొచ్చాడు. లాటు నంబర్లు వేరు, బరువు మాత్రం మూడింటికీ ఒకటే. “ఏడాది కష్టం బాబూ, ఒకసారి సరిగ్గా చూడండి” అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఆ కోడ్ రాసింది నేనే. లాటు నంబరు, రీడింగ్ ఆబ్జెక్ట్ జతగా పుట్ చేశాను. జత ప్రతిసారీ కొత్తదే, లోపలి రీడింగ్ మాత్రం లూప్ బయట ఒక్కసారి చేసినది. ప్రతి తూకానికీ అందులోనే బరువు మార్చేవాణ్ణి. సరుకు పలచగా వచ్చే రోజుల్లో పెట్టిన వెంటనే ప్రింటర్ తీసుకునేది, తప్పు బయటపడలేదు. సీజన్‌లో ప్రింటర్ వెనకబడింది, క్యూలో మూడు పేరుకున్నాయి, చివరి తూకమే మూడిటి మీదా అచ్చయింది. కాటా దగ్గర గుమాస్తా చేత్తో రాసుకున్న పుస్తకం ఉండబట్టి ఆ రోజు బిల్లులన్నీ సరిచేయగలిగాం.

ఆబ్జెక్ట్ తయారుచేసే ఆ ఒక్క లైనును లూప్ లోపలికి జరిపితే సరిపోయింది. పుట్ చేశాక ఆ ఆబ్జెక్ట్ మీది కాదనుకోండి. జావాలో రికార్డ్, పైథాన్‌లో ఫ్రోజెన్ డేటాక్లాస్ వాడండి, ఒకసారి చేశాక వాటి ఫీల్డులకు కొత్త విలువ ఇవ్వలేం. లోపల లిస్టు ఉంటే మాత్రం జాగ్రత్త, అవి దాన్ని కాపాడవు. జావా బ్లాకింగ్ క్యూ హామీ కూడా పుట్‌కు ముందు రాసినదానికే: తీసుకున్న థ్రెడ్‌కు అది తప్పకుండా కనబడుతుంది. ఆ తర్వాత రాసినదానికి ఏ హామీ లేదు. రస్ట్ భాషలోనైతే ఛానల్‌లోకి (అక్కడ క్యూ లాంటిది) పంపేసిన స్ట్రింగ్‌ను మళ్లీ వాడబోతే కోడ్ కంపైలే కాదు.

అర్ధరాత్రి ప్రొడక్షన్ లాగ్ ముందు కూర్చుని “నాకే చేతకావట్లేదేమో” అని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. మీ తెలివిలో లోపం లేదు. టెస్టుల్లో క్యూ దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కాబట్టి ఈ తప్పు దొరకదు. కన్స్యూమర్‌లో, అంటే క్యూలోంచి తీసే థ్రెడ్‌లో, రెండు సెకన్ల స్లీప్ పెట్టి నడపండి, కళ్లముందే కనబడుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

“ఖాళీ కాదని చూసుకుని తీస్తే చాలు.” చాలదు. మీరు చూసినప్పుడు ఉన్నది, తీసేలోపు ఇంకో థ్రెడ్ పట్టుకుపోతుంది. టైమవుట్‌తో నేరుగా గెట్ చేయండి.

“హద్దు లేకపోతేనే మంచిది.” పైథాన్ క్యూకు మాక్స్‌సైజ్ ఇవ్వకపోతే హద్దే ఉండదు. జావా లింక్డ్ బ్లాకింగ్ క్యూకు మీరు చెప్పకపోతే హద్దు 2,147,483,647. అంతకంటే చాలా ముందే మెమరీ అయిపోతుంది. హద్దు పెట్టండి, నిండితే ప్రొడ్యూసర్ (క్యూలో పెట్టే థ్రెడ్) ఆగాల్సిందే.

“పైథాన్‌లో జీఐఎల్ ఉంది, ఇవేవీ అక్కర్లేదు.” వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఈ మాట దయచేసి ఇంకొకరికి పంపకండి. జీఐఎల్ అంటే ఒక సమయంలో ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం. నాలుగు లైన్ల పనిని అది ఒకే ముక్కగా మార్చదు, మధ్యలో ఇంకో థ్రెడ్ దూరగలదు. పైగా 2024లో వచ్చిన 3.13 నుంచి జీఐఎల్ లేని బిల్డ్ కూడా ఉంది.

“కన్స్యూమర్‌ను ఆపడానికి చివర్లో ఒక నన్ (None, ఇక ఏమీ లేదనే గుర్తు) పెడితే చాలు.” కన్స్యూమర్ ఒక్కటైతే సరే. మూడుంటే మూడు పెట్టాలి, లేకపోతే మిగతా రెండూ గెట్ దగ్గర అలాగే ఎదురుచూస్తూ ఉండిపోతాయి.