తిరుగు ప్రయాణానికి ముందు పక్షులు

పక్షులను చూడాలంటే డిసెంబరు, జనవరి నెలలే మంచివని చాలామంది అనుకుంటారు. సంక్రాంతి సెలవులకు పులికాట్‌కో కొల్లేటికో వెళ్ళి, రాజహంసల ఫొటోలు తీసుకుని, ఈ ఏటికి ఇక చాలన్నట్టు బైనాక్యులర్ బీరువాలో పెట్టేస్తారు. నన్నడిగితే ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి నెలాఖరు వరకే అసలైన సందడి. నడి చలికాలంలో వలస పక్షికి తినడం, కునుకు తీయడం తప్ప పెద్ద పని ఉండదు. మాఘం ముదిరేసరికి అదే పక్షి ఈకలు మార్చుకుంటుంది, ఒళ్ళు చేస్తుంది, జత వెతుక్కుంటుంది. ఊరు విడిచి వెళ్ళని పిట్టల్లోనూ మార్పు కనిపిస్తుంది. అన్నాళ్ళూ నోరు మెదపని కంసాలి పిట్ట రావి కొమ్మ మీద టుక్ టుక్ మొదలుపెడుతుంది. రామచిలుకలు చెట్ల తొర్రల కోసం గోరింకలతో కొట్లాడతాయి. పాలపిట్ట నిట్టనిలువునా పైకెగిరి, అక్కడి నుంచి దొర్లుకుంటూ కిందికి దూకుతుంది.

దీనికోసం చెరువు గట్టు దాకా వెళ్ళనక్కర్లేదు. పెరట్లో మందారానికి వచ్చే ఊదా తేనెపిట్ట చాలు. చలికాలం తొలి నెలల్లో మగది కూడా ఆడదానిలాగే మాసిన ఆకుపచ్చ వీపుతో, పసుపుపచ్చ పొట్టతో ఉంటుంది. గొంతు నుంచి పొట్ట మధ్య దాకా దిగిన ముదురు చారను బట్టే మగదని పోల్చుకోవాలి. ఫిబ్రవరిలో చూస్తే ఒంటి నిండా అతుకులు కనిపిస్తాయి. రెక్క దగ్గర ఒక నీలి మచ్చ, మెడ మీద ఇంకొకటి, మధ్యలో ఇంకా రాలని పాత పసుపు ఈకలు. కొద్ది వారాల్లో ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు వచ్చేస్తుంది. ఎండ ఒక వైపు నుంచి పడితే నీలం, పక్షి కాస్త తిరిగితే ఊదా. ఆడపిట్ట ఎదుట రెక్కలు విదిల్చినప్పుడు చంకల్లో దాగిన నారింజ పసుపు కుచ్చు ఒక్క క్షణం బయటపడుతుంది.

తేనెపిట్ట ఒంటి మీది ఆ నీలం ఏ నీలి రంగుపదార్థం వల్లా వచ్చింది కాదు. ఈక నూగులో మెలనిన్ అనే నల్లటి పదార్థపు రేణువులు సన్నటి పొరలుగా పేర్చి ఉంటాయి. ఆ పొరల నుంచి వెనక్కి వచ్చే కాంతి తరంగాలు కలిసి కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణిగిపోతాయి. ఆ అమరిక చెదిరితే మెరుపు పోయి ఉత్త నలుపే మిగులుతుంది. ఇదే రోజుల్లో అమెరికాలో, న్యూజెర్సీలోని తెలుగువాళ్ళ ఇళ్ళ వెనక పక్షుల కోసం వేలాడదీసిన గింజల గొట్టాలకు వచ్చే గోల్డ్‌ఫించ్ కూడా వేషం మారుస్తుంటుంది. ఆ రాష్ట్ర పక్షి అదే. చలికాలమంతా మట్టిరంగులో ఉన్న మగది ఫిబ్రవరి చివరి నుంచి మచ్చలు మచ్చలుగా పసుపెక్కి, ఏప్రిల్ నాటికి నిమ్మపండు రంగుకు వస్తుంది. దాని పసుపు మాత్రం తిండి నుంచి వచ్చే కెరోటినాయిడ్ అనే రంగుపదార్థాల చలవ. రాజహంస గులాబీ రంగూ అలాంటిదే.

రంగు మార్పు చూసి ఆశ్చర్యపోవాలంటే మాత్రం పులికాట్ బురదలో తిరిగే ఉల్లంకులను చూడాలి. ఇక్కడ ఒక చిరాకు కూడా చెప్పుకోవాలి. మన దగ్గర పెద్ద పక్షి ఏది గుంపుగా కనిపించినా పత్రికల్లో ‘సైబీరియా పక్షి’ అయిపోతుంది. ఉప్పలపాడు, నేలపట్టు, తేలినీలాపురం, పక్షులు గూళ్ళు కట్టే ప్రతిచోటా ఇదే వరస. నేలపట్టులో గూళ్ళు కట్టే గూడబాతులూ, పెయింటెడ్ స్టార్క్ కొంగలూ, తేలుకుంచి చెట్లమీది ఓపెన్‌బిల్ కొంగలూ దక్షిణ, ఆగ్నేయాసియా పక్షులు. సైబీరియాతో వాటికి ఏ చుట్టరికమూ లేదు. ఇక్కడే గుడ్లు పెట్టి ఇక్కడే పిల్లలను పెంచే పక్షిని పరాయి దేశపు అతిథి అనడం ఏం న్యాయం? సైబీరియా పేరు పెట్టుకుని నిజంగానే అక్కడి నుంచి రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చే తెల్లటి సారసం 2002 తర్వాత భరత్‌పూర్‌లో కనిపించలేదు.

నిజమైన సైబీరియా చుట్టం పులికాట్‌లో మన కాళ్ళ ముందే తిరుగుతుంటుంది. ఎవరూ కెమెరా అటు తిప్పరు. ఉల్లంకుల్లోనే ఒకటైన దాని పేరు కర్ల్యూ శాండ్‌పైపర్. పిడికిలంత ఒళ్ళు, బూడిదరంగు వీపు, కిందికి కాస్త వంగిన ముక్కు. కుట్టుమిషను సూదిలా ఆ ముక్కును బురదలో దించుతూ తీస్తూ పోతుంది. గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ తీరంలో, సైబీరియా ఉత్తరాన ఉన్న తైమిర్ ద్వీపకల్పం పరిసరాల్లో. మార్చి దాటేటప్పుడు దాని ఛాతీ మీద ఇటుకరంగు మచ్చలు తేలుతాయి. ఆ ఎరుపు నిండుగా పరుచుకునే వేళకు పక్షి ఇక్కడ ఉండదు.

బాతుల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. సూదితోక బాతులు మన చెరువుల్లో ఉండగానే జతలు కుదుర్చుకుంటాయి. ఒక ఆడబాతు చుట్టూ అయిదారు మగబాతులు చేరి, తల వెనక్కి లాగి, తోక పైకెత్తి, ఈల వేస్తూ ఈదుతుంటాయి. కుదిరిన తర్వాత ఎవరి ఊరికి వెళ్ళాలన్న తగువు లేదు. ఆడబాతు తాను పుట్టిన ప్రాంతానికే తిరిగి వెళ్తుంది, మగబాతు ఇల్లరికపు అల్లుడిలా వెంట వెళ్తుంది. ఎక్కువ రకాల బాతుల్లో ఇదే పద్ధతి. ఏటేటా కొత్త జత కాబట్టి మగబాతు ఒక ఏడు ఒక దేశానికి, మరో ఏడు వేరే దేశానికి చేరినా ఆశ్చర్యం లేదు.

బయలుదేరాల్సిన వేళ అయిందని వీటికి ఎవరు చెబుతారు? చలి తగ్గడమే కారణమని అనుకోవడం సహజం. కెనడాలోని ఎడ్మంటన్‌లో విలియం రోవన్ అనే శాస్త్రవేత్త 1920లలో దీన్ని పరీక్షించాడు. జుంకో అనే చిన్న పిట్టలను గడ్డకట్టే చలిలో ఆరుబయటి పంజరాల్లో ఉంచి, కొన్నింటికి మాత్రం సాయంత్రాలు విద్యుత్ దీపాలు వెలిగించి పగటిని రోజుకు కొన్ని నిమిషాల చొప్పున పొడిగించాడు. చుట్టూ మంచు పేరుకుని ఉన్నా దీపాల కింది పిట్టల పునరుత్పత్తి అవయవాలు వసంతంలోలాగా పెరిగాయి. దీపాలు లేనివాటిలో పెరగలేదు. దాంతో పక్షిని కదిలించే మీట వెచ్చదనం కాదు, పగటి నిడివి అని తేలింది. పగటి నిడివిని కొలవడానికి పక్షికి కన్నే అక్కర్లేదని తర్వాతి పరిశోధనల్లో బయటపడింది. పుర్రె ఎముక గుండా చొచ్చుకుపోయే వెలుతురును మెదడు లోపలి కణాలే పసిగడతాయి.

కెనడా విషయం సరే, మన దగ్గర ఎలా? న్యూజెర్సీలో డిసెంబరు నాటి పగలు 9 గంటలకు కాస్త ఎక్కువ, మార్చి మూడో వారానికి 12 గంటలు. హైదరాబాద్‌లో అదే డిసెంబరులో 11 గంటలకు పైనే ఉంటుంది. మూడు నెలల్లో పెరిగేది గంట మాత్రమే. భూమధ్యరేఖ దగ్గర చలికాలం గడిపే పక్షికి ఆ గంట తేడా కూడా దొరకదు. జర్మనీలో ఎబర్‌హార్డ్ గ్విన్నర్ అనే శాస్త్రవేత్త 1960ల నుంచి వార్బ్లర్ అనే చిన్న వలస పిట్టలను ఏడాది పొడుగునా 12 గంటల వెలుగు, 12 గంటల చీకటిలో, ఒకే ఉష్ణోగ్రతలో పెంచి చూశాడు. బయటి ప్రపంచం జాడ ఏదీ తెలియకపోయినా అవి వేళకు ఈకలు రాల్చాయి, కొవ్వు పట్టాయి, ప్రయాణపు తహతహ చూపించాయి. అయితే ఆ చక్రం ఏడాదికి సరిపోలేదు, పది నెలలకే తిరిగొచ్చేది. పక్షి లోపల ఒక వార్షిక గడియారం ఉంది, కానీ అది తప్పు నడుస్తుంది. దాన్ని ఏటా సరిదిద్దేది పగటి నిడివి. మన మామిడి తోపుల్లో ఆకుల మధ్య దూరి తిరిగే, పది గ్రాములైనా తూగని గ్రీనిష్ వార్బ్లర్ కూడా ఇలాంటి లెక్క మీదే ఉత్తరానికి బయలుదేరుతుందని అనుకోవచ్చు.

ఆ తహతహను కాగితం మీదికి ఎక్కించిన వాడు అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ ఎమ్లెన్. 1966లో తండ్రితో కలిసి ఒక గరాటు తయారుచేశాడు. అడుగున సిరా అద్దిన దిండు, చుట్టూ ఏటవాలుగా తెల్ల కాగితం, పైన వల. వలసకాలపు రాత్రి పక్షిని అందులో ఉంచితే ఎగరబోయి గోడ మీదికి దూకి జారుతుంది, దూకిన ప్రతిసారీ సిరా కాలిగుర్తు పడుతుంది. తెల్లవారి కాగితం విప్పితే ఏ దిక్కున గుర్తులు దట్టంగా ఉన్నాయో తెలిసిపోతుంది. కృత్రిమ నక్షత్రశాలలో పక్షులను పెట్టి, ఆకాశాన్ని తలకిందులు చేసి, అవి నక్షత్రాల ఆసరాతో దిక్కు తెలుసుకుంటాయని ఎమ్లెన్ నిరూపించింది ఈ అతి చవక పరికరంతోనే.

దిక్కు తెలిస్తే చాలదు, ఇంధనం కావాలి. అమెరికాలోని నెబ్రాస్కాలో ప్లాట్ నది దగ్గర ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ తొలి వారం దాకా అయిదు లక్షలకు పైగా శాండ్‌హిల్ సారసాలు దిగుతాయి. పగలు కోతలైన మొక్కజొన్న పొలాల్లో రాలిన గింజలు ఏరుకుంటాయి, రాత్రి నక్కల బెడద లేకుండా నది మధ్య లోతు లేని నీళ్ళలో నిలబడి నిద్రపోతాయి. మనకు చలికాలం ముగిసే వేళకు న్యూజీలాండ్‌లో వేసవి ముగుస్తుంది. అక్కడి బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ అనే తీరపక్షులు మార్చిలో చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రపు (ఎల్లో సీ) తీరానికి సుమారు 10,000 కిలోమీటర్లు ఆగకుండా ఎగురుతాయి. బయలుదేరే ముందు ఒంట్లో కొవ్వు దట్టించుకుని, దారిలో పనికిరాని జీర్ణావయవాలను కుదించుకుంటాయి. 2022లో ఇదే జాతికి చెందిన ఒక పిల్ల పక్షి అలాస్కా నుంచి టాస్మేనియాకు 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా వెళ్ళింది. దాని వయసు అయిదు నెలలు.

మన దక్కన్ చెరువుల నుంచి మంగోలియా, టిబెట్ వైపు వెళ్ళే పట్టీతల బాతులకు దూరం కంటే ఎత్తు పెద్ద సమస్య. పరికరాలు కట్టి చూస్తే ఏడు వేల మీటర్లు దాటిన సందర్భాలున్నాయి. అయినా అవి కోరి ఎత్తుకు పోవు. కొండ లేస్తే లేస్తాయి, లోయ దిగితే అవీ దిగుతాయి. పలచని గాలిలో ఎక్కువసేపు ఉండటం కంటే దిగి మళ్ళీ ఎక్కడమే చవక బేరమని తేలింది. వాటి రక్తంలోని హీమోగ్లోబిన్ కూడా మామూలు బాతులకన్నా గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది.

ఈ లెక్కలకు ఇప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది. నెదర్లాండ్స్‌లో గూళ్ళు కట్టే పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్టలు ఆఫ్రికాలో చలికాలం గడిపి, తమ గడియారం ప్రకారమే తిరిగొస్తున్నాయి. కానీ నెదర్లాండ్స్‌లో వసంతం తొందరపడి, పిల్లలకు పెట్టాల్సిన గొంగళిపురుగుల కాలం ముందుకు జరిగింది. పురుగులు అన్నిటికంటే ముందుగా వచ్చే అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఈ పక్షులు 90 శాతం దాకా తగ్గిపోయాయి. కాబట్టి ఏ పక్షి ఎప్పుడు కదిలిందో తేదీలతో సహా తెలియడం అవసరం. మనవాళ్ళు తొలి రాకను బాగానే రాసుకుంటారు. చివరి తేదీ రాయడమే కష్టం, ఎందుకంటే మోదుగ పూల మీద వాలిన గులాబీ గోరింకల గుంపును చూసిన రోజున అదే ఆఖరి గుంపని ఎవరికీ తెలియదు. 1998లో అమెరికాలో మొదలై 2013 నుంచి ప్రపంచమంతా జరుగుతున్న ఫిబ్రవరి పెరటి పక్షుల లెక్కింపు (గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్)లో నాలుగు రోజుల పాటు ఎవరైనా పాల్గొనవచ్చు, ఒకసారికి 15 నిమిషాలు చాలు. ఆ తర్వాత కూడా వారానికోసారి అదే చెరువు దగ్గర రాస్తూ ఉంటే మరీ మంచిది. కాకి, పావురం అనకుండా చూసినవన్నీ రాయాలి. అన్నీ రాసిన జాబితాలో సూదితోక బాతు లేదంటే ఆ పూట అది అక్కడ కనిపించలేదని లెక్కలోకి తీసుకోవచ్చు. నచ్చిన పక్షులే రాసిన జాబితాతో ఆ మాట చెప్పలేం.