గడ్డ తీసేశాక మళ్లీ ఆపరేషన్ ఎందుకు?

బుజ్జమ్మకీ చిన్నోడికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ ఒకటే అడిగారు. "తలలో గడ్డ మొత్తం తీసేశామని డాక్టర్ గారు చెప్పారు కదా, మరి అన్నకి మళ్లీ ఆపరేషన్ ఎందుకు? గడ్డ మళ్లీ వచ్చిందా?" అని. రాలేదు. ముందు ఆ భయం తీసేసుకోండి. ఇప్పుడు చేయబోయేది గడ్డ కోసం కాదు, తలలో చేరిన నీటి కోసం. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఎక్కువ కాలం న్యూరోసర్జరీ వార్డులోనే ఉన్నాను. ఇదే ప్రశ్న వేసిన తల్లిదండ్రుల్ని చాలామందిని చూశాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతారని రాసి పంపుతున్నాను.

మనందరి మెదడు లోపల నాలుగు చిన్న గదులుంటాయి. వాటిలో తేటగా, నీళ్లలా ఉండే ద్రవం ఊరుతూ ఉంటుంది. డాక్టర్లు దాన్ని సీఎస్ఎఫ్ అంటారు. పెద్దవాళ్లలో ఏ సమయంలో చూసినా అది సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, కానీ రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు తయారవుతుంది. అంటే పాతది ఎప్పటికప్పుడు రక్తంలో కలిసిపోతూ, కొత్తది వస్తూ ఉంటుందన్నమాట. పైగదుల్లోంచి మూడో గదికి, అక్కడినుంచి సన్నటి దారిగుండా నాలుగో గదికి, అందులోంచి బయటకొచ్చి మెదడు చుట్టూ, వెన్ను చుట్టూ తిరుగుతుంది. నాలుగో గది చిన్నమెదడును ఆనుకునే ఉంటుంది. మీ అన్నకు గడ్డ వచ్చింది సరిగ్గా అక్కడే. పిల్లల్లో వచ్చే మెదడు గడ్డల్లో దాదాపు సగం ఆ చుట్టుపక్కలే వస్తాయి. అందుకే పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు, నడిస్తే తూలడం మొదలయ్యాయి. అప్పుడే నీటి దారి మూసుకుపోయింది.

గడ్డ తీస్తే దారి తెరుచుకోవాలి. ఎక్కువమంది పిల్లలకు తెరుచుకుంటుంది కూడా. కానీ నూటికి 10 నుంచి 40 మంది దాకా తర్వాత నీటికి వేరే దారి చూపించాల్సి వస్తుంది. మన ఊరి పంటకాలువలో గుర్రపుడెక్క తీయించిన ఏడాది గుర్తుందా? డెక్కంతా లాగేశారు, అయినా అడుగున పేరుకున్న ఒండ్రు వల్ల నీళ్లు కదల్లేదు. ఇక్కడా అంతే. ఆపరేషన్‌లో కొద్దిగా రక్తం ఆ ద్రవంలో కలుస్తుంది, చుట్టుపక్కల వాపు వస్తుంది, మానుతున్న చోట సన్నటి పొరలు అతుక్కుంటాయి. ద్రవం రక్తంలోకి ఇంకిపోయే చోట్లు కూడా ఆ రక్తంతో మూసుకుపోవచ్చు. ఇందులో డాక్టర్ తప్పూ లేదు, అన్న తప్పూ లేదు. నీళ్లు ఎక్కువ తాగినందువల్ల తలలో నీరు చేరిందని ఎవరైనా అంటే నమ్మకండి. తాగే నీళ్లకూ దీనికీ సంబంధం లేదు. ఆ మాట విని పిల్లాడికి మంచినీళ్లు తగ్గించిన ఇళ్లు నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు అన్న తల పక్కనుంచి బయటికి వచ్చి ఒక సంచికి కలిసిన ట్యూబ్ చూసి మీరు ఏడ్చారట. దాన్ని ఈవీడీ అంటారు. ఎక్కువైన ద్రవాన్ని కొన్నాళ్లపాటు బయటకు తీసే ఏర్పాటు అది. దాని ఎత్తు చాలా ముఖ్యం. అన్న చెవి దగ్గర సున్నా అని గుర్తు పెట్టుకుని, అక్కడినుంచి ఎన్ని సెంటీమీటర్ల పైన ఉండాలో డాక్టర్ రాస్తారు. సంచి కిందికి దిగితే ద్రవం ఎక్కువ కారిపోతుంది, అది ప్రమాదం. పైకి లేస్తే అసలు కారదు, తలలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే మంచం ఎత్తాలన్నా, అన్నను కూర్చోబెట్టాలన్నా ముందు సిస్టర్‌ని పిలవాలి. ఆవిడ ట్యూబ్ మూసి, లేపి, మళ్లీ ఎత్తు సరిచూసి తెరుస్తారు. ట్యూబ్‌ని అస్సలు ముట్టుకోకండి, అక్కడినుంచి ఇన్ఫెక్షన్ లోపలికి పోవచ్చు. రోజులు గడిచేకొద్దీ సంచి ఎత్తు పెంచుతారు, తర్వాత ట్యూబ్ మూసి చూస్తారు. పిల్లాడు హుషారుగా ఉండి, స్కాన్ బాగుంటే తీసేస్తారు. మళ్లీ తలనొప్పి, మత్తు వస్తే దారి ఇంకా తెరుచుకోలేదని అర్థం. మీ అన్నకు జరిగింది ఇదే.

అలాంటప్పుడు రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో సన్నటి కెమెరా పంపి మూడో గది అడుగున చిన్న రంధ్రం చేస్తారు. లోపల ఏ వస్తువూ మిగలదు కాబట్టి వీలైతే అదే మంచిదని నా అభిప్రాయం. కానీ దారి మూసుకుపోయిన వాళ్లకే అది బాగా పనిచేస్తుంది. ద్రవం ఇంకడమే కష్టమైతే అంతగా పనిచేయకపోవచ్చు. ఏది నప్పుతుందో స్కాన్ చూసి సర్జన్ గారే నిర్ణయిస్తారు. మీ అన్నకు రెండోది, షంట్ వేస్తామన్నారు.

షంట్ అంటే మెత్తటి సిలికాన్ ట్యూబ్. ఒక కొస మెదడు గదిలో ఉంటుంది. చెవి వెనక చర్మం కింద చిన్న వాల్వ్, అక్కడినుంచి మెడ, ఛాతీ మీదుగా చర్మం కిందే కడుపులోకి. అక్కడ ద్రవాన్ని శరీరమే పీల్చుకుంటుంది. తలలో ఒత్తిడి పెరిగినప్పుడు వాల్వ్ తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. పిల్లాడు ఎదుగుతాడు కాబట్టి కడుపులో ట్యూబ్ కాస్త ఎక్కువే వదులుతారు. కొన్ని వాల్వులను బయటినుంచి అయస్కాంతంతో సరిచేయొచ్చు. అలాంటివైతే ఎమ్మారై తీశాక సెట్టింగ్ మళ్లీ చూపించాలి, అయస్కాంతపు బొమ్మలు తల దగ్గరికి తేకూడదు.

ఈ వాల్వ్ వెనక ఒక నాన్న ఉన్నాడు. అమెరికాలో జాన్ హోల్టర్ అనే మెకానిక్ కొడుకు కేసీ 1955లో ఇలా తలలో నీరు చేరే జబ్బుతోనే పుట్టాడు. అప్పటి వాల్వులు తరచూ మొరాయించేవి. డాక్టర్ యూజీన్ స్పిట్జ్‌తో మాట్లాడి, హోల్టర్ సిలికాన్‌తో కొత్త వాల్వ్ చేశాడు. 1956 నుంచి దాన్ని పిల్లలకు వాడటం మొదలుపెట్టారు. మన దేశంలోనూ ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో ఛాబ్రా షంట్ తయారవుతుంది. ఉగాండాలో 195 మంది పిల్లల మీద చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పట్లో సుమారు 35 డాలర్లున్న ఈ ఛాబ్రా షంటుకూ 650 డాలర్ల విదేశీ షంటుకూ ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఖరీదు తక్కువని నాన్నకు టెన్షన్ అక్కర్లేదని ఇది చదివి వినిపించండి.

ఒకటి మాత్రం దాచను. షంట్ మూసుకుపోవచ్చు. పిల్లల్లో చాలామందికి, అంటే నూటికి 30 నుంచి 40 మందికి, మొదటి ఏడాదిలోనే మళ్లీ సరిచేయాల్సి వస్తుంది. ఇన్ఫెక్షన్ భయం మొదటి ఆరు నెలల్లో ఎక్కువ. దాన్నిబట్టి ఏదో పెద్ద ఆపద వచ్చిందనుకోకండి. సమయానికి తీసుకెళ్తే బాగుచేస్తారు. ఆలస్యమైతేనే ప్రమాదం. అన్నతో ఒకే గదిలో పడుకునేది మీరిద్దరే, కాబట్టి అందరికంటే ముందు మీకే తెలుస్తుంది. పొద్దునే తలనొప్పి, వాంతులు, పిలిచినా మత్తుగా పలకడం, రెండేసి కనిపిస్తున్నాయనడం, నడకలో తూలడం, ట్యూబ్ పొడవునా ఎర్రగా వాయడం, జ్వరం, ఆగని కడుపునొప్పి. వీటిలో ఏది కనిపించినా, అన్న వద్దన్నా సరే, అమ్మానాన్నలకు చెప్పేయాలి. రాత్రి పన్నెండైనా లేపండి. "రేపు చూద్దాంలే" అని ఎవరైనా అంటే నాకు ఫోన్ చేయండి.

స్కూల్‌కి వెళ్లడం, చదువు, ఆటలు అన్నీ ఉంటాయి. కబడ్డీ లాంటి గుద్దుకునే ఆటల గురించి మాత్రం డాక్టర్‌ని అడిగాకే. షంట్ పేరు, వేసిన తేదీ, వాల్వ్ సెట్టింగ్, ఆసుపత్రి నంబరు రాసిన కాగితం ఒకటి అన్న స్కూల్ బ్యాగులో, ఒకటి క్లాస్ టీచరు దగ్గర ఉండాలి. బుజ్జమ్మా, నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదా, ఆ రెండు కాగితాలూ నువ్వే రాయి. చిన్నోడా, వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టే పని నీది.

మీ అమ్మమ్మ