వెన్నపూసకు పసుపు ఎక్కడిది?

సెప్టెంబరులో మా ఇంట్లో చిలికిన ఆవు వెన్న లేత చామంతి రంగులో ఉంటుంది. అదే ఆవు పాలు, అదే కవ్వం. ఏప్రిల్ వచ్చేసరికి వెన్న పాలిపోతుంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ వానకు గట్ల మీద మొలిచిన పచ్చిక ఉన్నన్నాళ్లే ఆ పసుపు.

పచ్చిగడ్డిలో బీటా కెరోటిన్ అనే పసుపు రంగు పదార్థం ఉంటుంది. ఆకుపచ్చ రంగు దాన్ని కప్పేస్తుంది కాబట్టి మన కంటికి కనపడదు. ఆవు అందులో కొంత విటమిన్ ఎగా మార్చుకుంటుంది, మిగిలింది కొవ్వులో కరిగి పాలలోకి దిగుతుంది. కోసిన మేత ఎండలో ఆరేకొద్దీ కెరోటిన్ నశిస్తుంది. అందుకే వామిలోంచి లాగిన జొన్నచొప్ప, శెనగ కట్టె (కాయలు కోశాక ఎండిన వేరుశెనగ తీగ) కడుపునిండా మేసినా ఆ రంగు రాదు.

ఎనుము, అంటే గేదె సంగతి వేరు. కెరోటిన్‌ను దాదాపు అంతా విటమిన్ ఎగా మార్చేసుకుంటుంది. బోరు కింద పెంచిన నేపియర్ గడ్డి రోజూ మేసినా దాని వెన్న తెల్లగానే ఉంటుంది. తెల్లగా ఉందని ఆ వెన్నను తక్కువ చేయడం అన్యాయం. పసుపుగా ఉన్న ప్యాకెట్ చూసి పచ్చిక వెన్న అని మురిసిపోవడమూ పొరపాటే. ప్యాకెట్ వెనక 160బి అని ఉంటే అది అన్నాటో, అంటే జాఫ్రా గింజల రంగు. తినడానికి అనుమతి ఉన్నదే, కానీ ఆవు ఏం మేసిందో అది చెప్పదు.

రంగు కన్నా నాకు నమ్మకమైన గుర్తు మెత్తదనం. ఫ్రిజ్‌లోంచి తీసిన వానాకాలపు వెన్న వేడి జొన్నరొట్టె మీద చెంచాతో ఒత్తితే తొందరగా పరుచుకుంటుంది, ఎండాకాలపు వెన్న కాసేపు గట్టిగా నిలబడుతుంది. పచ్చిమేత తిన్న ఆవు పాలలో అసంతృప్త కొవ్వులు కొంచెం ఎక్కువ, అవి చల్లదనానికి అంత తొందరగా గడ్డకట్టవు.

ఆ 'కొంచెం' దగ్గరే ఆగి ఆలోచించాలి. గుండెకు మంచిదని పేరున్న అసంతృప్త కొవ్వు ఒమేగా-3. గడ్డి ఆకులోని కొవ్వులో అది బాగానే ఉంటుంది. కానీ ఆవు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు అందులో చాలా భాగాన్ని సంతృప్త కొవ్వుగా మార్చేస్తాయి. చివరికి 100 గ్రాముల పచ్చిక వెన్నలో మిగిలే ఒమేగా-3 ఒక గ్రాము అటూఇటూ. సంతృప్త కొవ్వు మాత్రం మామూలు వెన్నలో లాగే సగం దాకా ఉంటుంది. ఒక చెంచా అవిసె గింజల పొడి ఇచ్చే ఒమేగా-3 ముందు చెంచా వెన్న ఇచ్చేది లెక్కలోకే రాదు. గుండెకు మంచిదని చెప్పి 'గ్రాస్ ఫెడ్' (పచ్చిక మేసిన ఆవుది) అని రాసిన ప్యాకెట్‌కు ఎక్కువ డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. రుచి కోసం, బయట తిరిగి మేసే ఆవు కోసం అయితే తప్పకుండా పెట్టమంటాను.

అందుకే ప్యాకెట్ తిప్పి చూడడం కన్నా మేత గురించి అడగడమే నాకు అలవాటైంది. మొన్న మా వీధిలో పాలు పోసే ఆమెను అడిగాను. "ఇప్పుడంతా శెనగ కట్టేన్నా. ఇంకో వాన పడనీ, చేని గట్లకు తోలుకుపోతాం" అంది.