తూటాకి, తారాజువ్వకి గాలి ఒకటే, దారులే వేరు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం గెలిచిన దగ్గర్నుంచి మా మేనల్లుడికి ఈ పిచ్చి పట్టుకుంది. మొన్న వచ్చి, "మామయ్యా, తూటా ఎంతసేపు గాలిలో ఉంటే అంత పక్కకి కొట్టుకుపోతుంది, అంతే కదా, గోదాట్లో పడవలాగా? స్పీడు పెంచితే సరిపోదా?" అన్నాడు.

సరే, పడవ లెక్కే వేద్దాం. ఇంగ్లండులో బిస్లీ అనే చోట 1890 నుంచి రైఫిల్ పోటీలు జరుగుతున్నాయి. అక్కడ 1000 గజాల దూరం, అంటే 914 మీటర్లు, కాలుస్తారు. సెకనుకి 790 మీటర్ల వేగంతో బయల్దేరిన పాయింట్ 308 తూటా (అంటే 0.308 అంగుళాల లావున్నది) అంత దూరం పోవడానికి సుమారు 1.7 సెకన్లు పడుతుంది. అడ్డంగాలి సెకనుకి 4.5 మీటర్లు అనుకుంటే పడవ లెక్కన 7.6 మీటర్లు పక్కకి పోవాలి. నిజంగా పోయేది రెండున్నర మీటర్ల లోపే. మిగతా ఐదు మీటర్లు ఏమైనట్టు?

(స్కూల్లో ప్రతి లెక్క కిందా 'గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోవద్దు' అని రాస్తారు చూడండి, ఆ ఒక్క ముక్కతో ఈ కథ మొత్తం ఎగిరిపోతుంది. నిరోధమే లేకపోతే ఎంత అడ్డంగాలైనా తూటాని వెంట్రుకవాసి కూడా కదపలేదు.)

వాన నిలువుగా పడుతున్నా బండి మీద పోతుంటే ఏటవాలుగా ముఖానికి కొడుతుంది కదా. తూటాకీ అంతే: దానికి తగిలే ఎదురుగాలి, అడ్డంగాలి వల్ల డిగ్రీలో మూడో వంతు పక్కకి వాలి ఉంటుంది. గిర్రున తిరుగుతున్న తూటా తన ముక్కుని ఆ వాలులోకి తిప్పుకుంటుంది. ఇక నిరోధం దాన్ని వెనక్కి లాగేది ఆ వాలు గీత వెంబడే కాబట్టి, ఆ లాగుడులో చిన్న వాటా పక్కకి పడుతుంది. పక్కకి జరగడమంతా ఆ వాటా పుణ్యమే.

నమ్మకం కుదరకపోతే గాలి ఉన్న దీపావళి రాత్రి సీసాలో తారాజువ్వ పెట్టి వెలిగించండి. గాలివాటుకి పోతుందనుకుంటాం, అది మాత్రం మందు మండుతున్నంతసేపూ గాలి వచ్చే వైపుకే ఒరుగుతుంది! గాలి పొడుగాటి పుల్లని అవతలికి నెడితే తల గాలికి ఎదురు తిరుగుతుంది, తల ఎటుంటే మందు అటు తోస్తుంది. సైనికులు భుజం మీంచి పేల్చే ఆర్‌పీజీ-7 రాకెట్టుదీ ఇదే తంతు. తూటా ముక్కు కూడా గాలికి ఎదురే తిరుగుతుంది గానీ, దాన్ని ముందుకి తోసే మందు లేదు, వెనక్కి లాగే నిరోధమే ఉంది, అందుకే గాలి పోయే వైపుకి పోతుంది. నిరోధానికి సరిగ్గా సరిపోయేంత మందు తూటా తోకకి కట్టామనుకోండి, వేగం తగ్గదు, పక్కకీ పోదు.

అంటే లెక్కకొచ్చేది ప్రయాణ సమయం కాదు, నిరోధం వల్ల అయ్యే ఆలస్యం. 19వ శతాబ్దపు ఫ్రెంచి సైనికాధికారి డిడియన్ పేరుతో ఉన్న సూత్రం ఇదే. శూన్యంలో అయితే తూటాకి 914/790, అంటే 1.16 సెకన్లు చాలు. పట్టింది 1.7. ఆలస్యం 0.54, దాన్ని 4.5తో గుణిస్తే 2.4 మీటర్లు.

ఇప్పుడు వాడి స్పీడు సంగతి. 50 మీటర్ల పోటీలో వాడే పాయింట్ 22 తూటా ధ్వని వేగానికి (సెకనుకి 340 మీటర్లు) కాస్త తక్కువలో బయల్దేరుతుంది. అదే సైజులో 380తో పోయే హైస్పీడు తూటా, విచిత్రంగా, గాలికి ఇంకా ఎక్కువ జరుగుతుంది. ధ్వని వేగం దగ్గర నిరోధం ఒక్కసారిగా పెరిగి, సంపాదించిన స్పీడంతా వడ్డీతో సహా లాగేసుకుంటుంది, ఆలస్యం పెరుగుతుంది. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. అగరుబత్తి పొగ పక్కకి వంగేంత గాలి, సెకనుకి ఒక మీటరు, తూటాని అర సెంటీమీటరు జరిపేస్తుంది.

ఇంకో తిరకాసుంది. బొంగరాన్ని పక్కకి నెడితే అది నెట్టిన వైపు పోకుండా అడ్డంగా ఒరుగుతుంది కదా, అలాగే కుడికి తిరిగే తూటాకి కుడి నుంచి గాలి తగిలితే దెబ్బ ఎడమకే కాదు, కొంచెం పైకి కూడా పడుతుంది. ఎడమ నుంచి తగిలితే కిందికి.

ఇంత చెప్పాక మావాడు తూటాల సంగతి వదిలేశాడు. దీపావళి దాకా ఆగలేడట, కిందటేడు మిగిలిన జువ్వలు అటక మీదే ఉన్నాయట.