నీళ్ళలో దిగితేనే రక్షణా?

సువార్త కూటానికి కొత్తగా వచ్చినవాళ్ళని మన ఊళ్ళలో రెండు ప్రశ్నలు అడుగుతారు. ఒకటి "రక్షణ పొందారా?", అంటే పాపం నుంచి విడుదల దొరికిందా అని. రెండోది "బాప్తిస్మం తీసుకున్నారా?", అంటే నీళ్ళతో సంఘంలో చేర్చుకునే ఆచారం జరిగిందా అని. రెండూ ఒకటేనా అని తిరిగి అడిగితే, జవాబు మీరు ఏ చర్చిలో కూర్చున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ గొడవ ఇప్పటిది కాదు. బైబిల్లోంచే మొదలైంది.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీ చెరసాల అధికారి పౌలుని సూటిగా అడుగుతాడు, రక్షణ పొందడానికి నేనేం చేయాలి అని. ప్రభువైన యేసునందు విశ్వాసముంచు, నువ్వూ నీ ఇంటివారూ రక్షణ పొందుతారని పౌలు చెప్పాడు. ఆ మాటలో నీళ్ళ ప్రస్తావన లేదు. అయినా ఆ రాత్రే ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఇంట్లో చంటిపిల్లలు ఉన్నారో లేదో లేఖనం చెప్పదు. చిన్నపిల్లలకి బాప్తిస్మం ఇవ్వొచ్చనేవాళ్ళూ, ఇవ్వకూడదనేవాళ్ళూ ఇద్దరూ ఈ వచనాన్నే చూపిస్తారు. నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షింపబడతాడని మార్కు 16:16 అంటుంది. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగకి మాత్రం బాప్తిస్మం లేకుండానే పరదైసు, అంటే పరలోకం, దొరికింది.

మొదటి శతాబ్దాల్లో కొందరు దీన్ని లెక్క చూసుకుని వాడుకున్నారు. బాప్తిస్మం అంతకుముందు చేసిన పాపాలన్నీ కడిగేస్తుంది, తర్వాత చేసినవాటికి మాత్రం కఠినమైన పశ్చాత్తాపం తప్పదు. అలాంటప్పుడు తొందరెందుకు? కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో మరణశయ్య మీద బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత పేరున్న వేదాంతి అయిన అగస్టీన్ కూడా క్రైస్తవ తల్లి కడుపున పుట్టి, 387లో, ముప్పై దాటాక గానీ తీసుకోలేదు. తర్వాత ఆయనే ఈ వాయిదాలకి దారి మూసేశాడు. మనిషి తన ప్రయత్నంతో మంచిగా బతకగలడన్న పెలాగియస్‌తో వాదిస్తూ, పుట్టిన బిడ్డలోనూ ఆది పాపం, అంటే ఆదాము నుంచి వచ్చిన పాపం, ఉందని గట్టిగా చెప్పాడు. 418లో కార్తేజ్ సభ ఆ వైపే నిలబడింది. దాంతో పడమటి సంఘంలో పుట్టిన బిడ్డకి వీలైనంత త్వరగా బాప్తిస్మం ఇవ్వడం స్థిరపడింది.

విశ్వాసం ద్వారానే రక్షణ అంటూ ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన లూథర్ దీన్ని మారుస్తాడని చాలామంది అనుకుంటారు. మార్చలేదు. బాప్తిస్మం మనం చేసే పని కాదు, దేవుడు చేసే పని, కాబట్టి బిడ్డకి ఇస్తే తప్పేంటి అన్నాడు. కాదన్నవాళ్ళు జ్యూరిక్‌లో లేచారు. 1525 జనవరి 21న కాన్రాడ్ గ్రెబెల్ పెద్దవాడైన జార్జ్ బ్లౌరాక్‌కి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చాడు. వాళ్ళ దృష్టిలో అది మళ్ళీ కాదు, అదే మొదటిది. రెండేళ్ళు తిరక్కుండా, 1527 జనవరిలో, వాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాన్జ్‌ని లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. శిక్ష వేసింది కూడా ప్రొటెస్టెంట్ల నగరమే.

ఆ రెండు దారులూ తెలుగు నేలకి దాదాపు ఒకేసారి వచ్చాయి. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషన్ పసిపిల్లలకీ బాప్తిస్మం ఇచ్చేది. నెల్లూరు, ఒంగోలు వైపు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టులు నమ్మినవాళ్ళనే, నీళ్ళలో పూర్తిగా ముంచేవారు. వాళ్ళలో ఒకడైన జాన్ క్లౌ ఒంగోలులో మాదిగ పల్లెల్లో పనిచేస్తూ మూడు షరతులు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. కాగితం మీద చిన్నవే. కానీ ఊళ్ళో చచ్చిన పశువుని తీయడం మాదిగలకి కులం అప్పగించిన పని. ఆసామి పిలిస్తే ఆదివారమైనా వెళ్ళాల్సిందే. జాతరలో డప్పు కొట్టాల్సింది వాళ్ళే. అంటే ఈ మూడు షరతులూ నేరుగా ఊరి కట్టుబాటుకే తగిలాయి. కృప ఉచితం అని ప్రసంగం చెప్పేది. వెల మాత్రం ఊళ్ళో కట్టాల్సి వచ్చేది.

ఇంతలో 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. వచ్చినవాళ్ళలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూలి కోసం వస్తున్నారా, విశ్వాసంతో వస్తున్నారా తేల్చుకోలేక ఆపాడు. కరువు పని ముగిశాక తలుపు తెరిచాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలో దిగి ఇచ్చింది తెలుగు బోధకులే. ఆకలి తీరడానికి వచ్చారన్న మాట ఆనాడే వినిపించింది, ఇప్పటికీ వినిపిస్తుంది. నాకైతే ఆ ఆపిన నెలలే ఎక్కువ ఆలోచన కలిగిస్తాయి. విశ్వాసం చాలు అనే సంఘం కూడా, ఆ విశ్వాసం నిజమో కాదో చూడటానికి ఇంకేదో కొలత పెట్టుకోక తప్పలేదు.

ఇక్కడే ఒక వింత. పేరులోనే రక్షణ ఉన్న రక్షణ సైన్యం, అంటే బాపట్ల, స్టువర్టుపురం వాళ్ళకి బాగా తెలిసిన సాల్వేషన్ ఆర్మీ, 1880ల నుంచీ నీటి బాప్తిస్మమే ఇవ్వదు.

1947లో కొన్ని ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పిల్లల బాప్తిస్మం, పెద్దల బాప్తిస్మం రెండింటినీ ఒప్పుకుని ఈ తగువుని కొంత చల్లార్చింది. అదే కాలంలో కోస్తాలో కె. సుబ్బారావు అనే హెడ్మాస్టరు, 1942లో తనకి క్రీస్తు దర్శనం అయిందని చెప్పి, బాప్తిస్మం అక్కర్లేదని బోధించాడు. ఆయన వెనక చేరినవాళ్ళలో చాలామంది అగ్రకులాలవాళ్ళు. క్రీస్తుని నమ్మొచ్చు, కులాన్నీ ఇంటినీ వదలక్కర్లేదు అన్నమాట. ఆ సౌకర్యం గుండ్లకమ్మలో దిగినవాళ్ళకి ఎవరూ ఇవ్వలేదు.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ఇంకో లెక్క కలిపింది. ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ విస్తరించారు. క్రైస్తవులకి లేదు. మన రాష్ట్రాల్లో మతం మారిన ఎస్సీలు బీసీ-సీలోకి, 1 శాతం రిజర్వేషన్‌లోకి వెళ్తారు. అప్పటినుంచి నమ్మినా నీళ్ళలో దిగనివాళ్ళు, దిగినా రిజిస్టరులో పేరు రాయించనివాళ్ళు ఉన్నారు. అలాంటివాళ్ళని పిరికివాళ్ళని తిట్టే పాస్టర్లూ ఉన్నారు, చూసీచూడనట్టు ప్రభువు బల్లలో, అంటే సంఘం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో, చేర్చుకునేవాళ్ళూ ఉన్నారు.

2024 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకి పుదుచ్చేరి నుంచి ఒక కేసు వచ్చింది. ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన మహిళకి కోర్టు కాదంది. ఆమె చర్చికి వెళ్తూ ఉండటంతో పాటు, ఆమె బాప్తిస్మాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ బాప్తిస్మం ఆమెకి ఇచ్చింది పసిబిడ్డగా ఉన్నప్పుడు.